కార్నియా లోపలి అస్తరుకు చేరవలసిన చుక్క

కంటి ముందువైపున నల్లగుడ్డును కప్పి ఉంచే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. మధ్యభాగంలో దాని మందం సుమారు 550 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ఈ మందంలో దాదాపు తొంభై శాతం స్ట్రోమా అనే నడిమి పొరదే. అందులో కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు సమాన దూరంలో బారులు తీరి ఉంటాయి కాబట్టి, ఆ ఎడం చెదరనంతకాలం వెలుగు చెల్లాచెదురు కాకుండా సూటిగా లోపలికి పోతుంది. అయితే నీరు తగిలితే పీల్చుకొని ఉబ్బడం స్ట్రోమా స్వభావం, దాని వెనుకనున్న గదిలోనేమో నేత్రోదకం అనే పలుచని ద్రవం ఎప్పుడూ నిండి ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఉన్నది ఒకే ఒక వరుస కణాలు. ఎండోథీలియం అని పిలిచే ఈ లోపలి అస్తరు మందం సుమారు ఐదు మైక్రాన్లు మాత్రమే. కార్నియాకు రక్తనాళాలు లేవు గనుక దాని పోషణకు కావలసిన గ్లూకోజు నేత్రోదకం నుంచి ఈ అస్తరును దాటుకొనే రావాలి. ఆ దారిలో నీరు కూడా లోనికి ఊరుతుంది. ఊరిన నీటిని తిరిగి వెనక్కి పంపడానికి ఆ కణాలే తమ పొరల్లోని అయాను పంపులను రాత్రింబవళ్లు నడుపుతూ ఉంటాయి. ఊటకూ తోడివేతకూ లెక్క సరిపోయినంతకాలమే కార్నియా స్వచ్ఛంగా ఉంటుంది.

ఇంత బరువు మోసే ఈ కణాలు మనిషిలో పుట్టుక తరువాత దాదాపుగా విభజన చెందవు. యౌవనంలో చదరపు మిల్లీమీటరుకు మూడు వేల దాకా ఉండే వీటి సంఖ్య ఆరోగ్యవంతుల్లో సైతం ఏటా సుమారు 0.6 శాతం చొప్పున తరుగుతుంది. ఒక కణం చనిపోయినప్పుడు దాని చోటులోకి కొత్త కణం రాదు. బంతిలో ఒకరు లేచిపోతే అటూ ఇటూ ఉన్నవారు సర్దుకొని కూర్చున్నట్టు, పక్క కణాలే వెడల్పై ఆ ఖాళీని కప్పుతాయి. సంఖ్య 500 దరిదాపులకు పడిపోయినప్పుడు మిగిలిన పంపులు చాలక కార్నియా ఉబ్బడం మొదలవుతుంది. కంటికి దెబ్బగానీ జబ్బుగానీ తగలని మనిషి నిండు నూరేళ్లు బతికినా ఆ గీత దాకా రాడు. ఫుక్స్ డిస్ట్రోఫీ అనే వ్యాధి ఉన్నవారిలో చాలామంది వస్తారు.

వియన్నా నగరంలో పనిచేసిన ఎర్న్‌స్ట్ ఫుక్స్ అనే కంటి వైద్యుడు 1910లో పదముగ్గురు రోగుల వివరాలతో ఈ వ్యాధిని మొదటిసారి వర్ణించాడు. పెద్ద వయసులో రెండు కళ్లలోనూ కార్నియా మబ్బుపట్టడం, దాని ఉపరితలం మీద చిన్న చిన్న పొక్కులు లేవడం చూసి ఇది పై పొరకు వచ్చిన జబ్బని ఆయన భావించి, వ్యాధికి పెట్టిన పేరులో కూడా పై పొరనే నిలిపాడు. అందుకు ఆయనను తప్పుపట్టనవసరం లేదు, ఎందుకంటే కార్నియాను అడ్డంగా కోసినట్టు సన్నని వెలుగు చీలికతో పరీక్షించే స్లిట్ ల్యాంపును స్వీడన్ కంటి వైద్యుడు గుల్‌స్ట్రాండ్ ప్రదర్శించింది 1911లో. ఆ పరికరం చేతికొచ్చాక, 1921లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫోక్ట్ లోపలి అస్తరు మీద బిందువుల వంటి బుడిపెలను గుర్తించి వర్ణించాడు. ఇవే గట్టాలు. ఎండోథీలియం కణాలు ఆనుకొని ఉండే డెసిమెట్ పొర అనే పునాది మీద అసహజమైన పదార్థం పోగుపడి, అక్కడక్కడ గడ్డకట్టి, నేత్రోదకం వైపు ఉబికి రావడం వల్ల ఇవి ఏర్పడతాయి. వాటి మీద నిలబడిన కణాలు పలుచబడి చివరకు రాలిపోతాయి. అంటే జబ్బు లోపలి వరుసది, మొదట వైద్యుడి కంటపడింది మాత్రం బయటి పొర.

వ్యాధి సాధారణంగా యాభై దాటాక బయటపడుతుంది, పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువ. తొలిదశలో రోగి చెప్పే మాట దాదాపు ఒకటే: పొద్దున్న లేచేసరికి మసకగా ఉంటుంది, మధ్యాహ్నానికి తేటపడుతుంది. కారణం సూటిది. నిద్రలో రెప్పలు మూసి ఉన్నంతసేపు కార్నియా ఉపరితలం నుంచి నీరు ఆవిరి కాదు కాబట్టి, బలహీనమైన పంపులు తోడలేకపోయిన నీరంతా రాత్రికి రాత్రి స్ట్రోమాలో నిలిచిపోతుంది. కళ్లు తెరిచాక గాలి తగిలి కొంత నీరు ఆవిరిగా పోయే కొద్దీ చూపు తేరుకుంటుంది. ఏళ్లు గడిచే కొద్దీ ఈ తేటపడే వేళ సాయంత్రం వైపు జరుగుతూ పోయి, ఒకనాటికి ఇక తేటపడదు. ఎదురు వాహనాల దీపాల చుట్టూ వలయాలు, ఎండలో కళ్లు చెదరడం, చివరి దశలో పొక్కులు పగిలి విపరీతమైన నొప్పి దీనికి తోడవుతాయి. చాలాకాలంగా వైద్యులు ఇస్తూ వచ్చిన 5 శాతం ఉప్పునీటి చుక్కలు చేసేది కూడా ఆవిరి చేసే పనే: ఉపరితలం మీద ఉప్పు సాంద్రత పెరిగినప్పుడు కార్నియాలోని నీరు కొంత బయటికి లాగబడుతుంది. చేయి చాపినంత దూరంలో హెయిర్ డ్రయ్యర్ పెట్టుకొని పొద్దున్నే కళ్ల మీదికి గాలి కొట్టించుకోమని చెప్పే సలహా కూడా పాఠ్యగ్రంథాల్లో ఉంది. నవ్వొచ్చేలా ఉన్నా అది పనిచేస్తుంది. అయితే ఈ రెండింటిలో ఏదీ ఒక్క కణాన్ని కూడా కాపాడదు.

చాలాకాలం పాటు కణాలను తిరిగి ఇవ్వగలిగింది మార్పిడి శస్త్రచికిత్స ఒక్కటే. ఎడ్వార్డ్ జిర్మ్ 1905లో చేసిన మొదటి విజయవంతమైన కార్నియా మార్పిడి నుంచి సుమారు వందేళ్లపాటు పూర్తి మందాన్ని కోసి మార్చడమే పద్ధతి కాగా, 2006లో నెదర్లాండ్స్ శస్త్రవైద్యుడు గెరిట్ మెల్లెస్ డెసిమెట్ పొరనూ దాని మీది కణాలనూ మాత్రమే మార్చే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఫలితాలు చాలా బాగుంటాయి. చిక్కంతా కార్నియాల కొరతలో ఉంది. 2016లో వెలువడిన ప్రపంచవ్యాప్త సర్వే ప్రకారం మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారు కోటీ 27 లక్షల మంది, ప్రతి డెబ్భై అవసరాలకు దొరుకుతున్నది ఒక్క కార్నియా. జరుగుతున్న మార్పిడులలో 39 శాతానికి ఫుక్స్ డిస్ట్రోఫీయే కారణం. మన దేశంలో లెక్క కొంత వేరు. ఇక్కడ ఇన్‌ఫెక్షన్ల వల్ల మచ్చపడిన కార్నియాలు, శుక్లం ఆపరేషన్ తరువాత ఎండోథీలియం దెబ్బతిన్న కళ్లు పెద్ద వాటా తీసుకుంటాయి. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, దానికి అనుబంధంగా 1989లో ఏర్పడిన రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి నేత్రదానాన్ని తెలుగునాట ఇంటింటి మాటగా మార్చడంలో ముందున్నప్పటికీ, దాతల కళ్లు సరిపోయే రోజు ఇంకా రాలేదు. ఫుక్స్ వ్యాధికి చుక్కల మందు తయారైతే, అది శుక్లం ఆపరేషన్‌లో కణాలు పోగొట్టుకున్నవారికీ ఎంతోకొంత పనికొచ్చే అవకాశం ఉండడం వల్ల ఇక్కడి వైద్యులకు ఈ పరిశోధన పరాయిది కాదు.

చుక్కల మందు అనే ఆలోచనకు ఊతం అనుకోని దిక్కు నుంచి వచ్చింది. మెదడు చుట్టూ రక్తస్రావమైన తరువాత అక్కడి రక్తనాళాలు బిగుసుకుపోకుండా ఆపే ఫాసుడిల్ అనే మందు 1995లో జపాన్‌లో ఆమోదం పొందింది. అది అణిచేది రో-కైనేజ్ అనే ఎంజైమును. కణం లోపల సంకోచాన్ని కలిగించే ఆక్టిన్, మయోసిన్ తంతువులను బిగించమని ఆదేశించే గొలుసులో ఈ ఎంజైము ఒక ముఖ్యమైన కొక్కెం; దాన్ని అడ్డుకుంటే నాళం గోడ సడలుతుంది. 1997లో క్యోటో పరిశోధకులు వై-27632 అనే మరింత నిర్దిష్టమైన నిరోధకాన్ని ప్రకటించిన తరువాత అది ప్రయోగశాలలన్నిటికీ పాకింది. అదే క్యోటోలో కార్నియా మీద పనిచేస్తున్న షిగెరు కినోషిత, నొరికో కోయిజుమి, నావొకి ఒకుమురాల బృందం, పాత్రలో పెంచుతున్న కోతి ఎండోథీలియం కణాలకు ఈ పదార్థాన్ని కలిపితే అవి పాత్ర అడుగును గట్టిగా పట్టుకొని విభజన చెందుతున్నాయని 2009లో చూపింది. కణచక్రానికి కళ్లెం వేసే ప్రోటీన్లు తగ్గి, దాన్ని ముందుకు నడిపేవి పెరుగుతున్నాయని తరువాతి పరీక్షలు వివరించాయి. విభజన మరిచిపోయాయనుకున్న కణాలు నిజానికి మరిచిపోలేదు. పక్క కణాల స్పర్శ, నేత్రోదకంలోని కొన్ని పదార్థాలు కలిసి వాటిని ఆపి ఉంచాయన్నమాట.

మనుషుల మీద జరిగిన మొదటి ప్రయత్నాన్ని కాస్త దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే ఈ మందు ఏం చేయగలదో, ఏం చేయలేదో రెండూ అందులోనే కనిపిస్తాయి. వైద్యులు నేరుగా చుక్కలు వేసి ఊరుకోలేదు. రెండు మిల్లీమీటర్ల వ్యాసం గల స్టీలు కడ్డీని ద్రవ నైట్రోజన్‌లో చల్లబరచి, దాని మొనను కార్నియా మధ్యభాగం మీద కొన్ని సెకన్లపాటు ఆనించి, వెనుకనున్న జబ్బుపడిన కణాలను గడ్డకట్టించి చంపారు. ఆ తరువాత వై-27632 చుక్కలను రోజుకు ఆరుసార్లు చొప్పున ఏడు రోజులు వేశారు. ఖాళీ ఏర్పడితే తప్ప అంచునున్న ఆరోగ్యకరమైన కణాలు కదలవు, ఒకదాన్నొకటి తాకుతున్నంతకాలం విభజన చెందవు కాబట్టి ముందు చోటు చేయవలసి వచ్చింది. ఈ విధంగా చికిత్స పొందిన ఎనిమిది మంది రోగుల ఫలితాలు 2013లో వెలువడ్డాయి. వాపు మధ్యభాగానికే పరిమితమైనవారిలో కార్నియా పలుచబడి చూపు మెరుగుపడింది, కార్నియా అంతటా వాపు పాకినవారిలో అలాంటి మార్పు రాలేదు. ఈ తేడాలోనే ఆ తరువాతి దశాబ్దపు పరిశోధన సారమంతా ఉందని చెప్పవచ్చు: చుక్క కొత్త కణాలను పుట్టించి ఇవ్వదు, ఉన్నవాటిని కదిలిస్తుంది, అంచున బతికిన కణాలు లేని కంటిలో కదిలించడానికి ఏమీ ఉండదు.

ఆ మార్గంలో తరువాతి అడుగును మందుల కంపెనీలు వేరే రోగం కోసం వేసి పెట్టాయి. రో-కైనేజ్ నిరోధకాలు నేత్రోదకం బయటికి పోయే జల్లెడను సడలించి కంటి ఒత్తిడిని తగ్గిస్తాయి కాబట్టి, నగోయాకు చెందిన కోవా సంస్థ తయారుచేసిన రిపాసుడిల్‌కు 2014లో జపాన్‌లోనూ, నెటార్సుడిల్‌కు 2017లో అమెరికాలోనూ గ్లకోమా చికిత్సకు అనుమతి లభించింది. సీసా సిద్ధంగా దొరకడంతో కార్నియా వైద్యులు వాటిని తమ రోగుల మీద పరీక్షించడం మొదలుపెట్టారు. ఈలోగా కణాలను గడ్డకట్టించే పద్ధతి స్థానంలో, గట్టాలతో నిండిన డెసిమెట్ పొరను మధ్యలో నాలుగు మిల్లీమీటర్ల మేర ఒలిచేసి, దాత కణజాలం ఏదీ అతికించకుండా వదిలేసే శస్త్రచికిత్స వచ్చింది. వేరే ఆపరేషన్లలో పొరపాటున ఆ పొర ఊడిపోయిన కొన్ని కళ్లు వాటంతట అవే తేటపడడం గమనించి ఆ ధైర్యం చేశారు. ఒలిచిన తరువాత కొందరిలో మరమ్మతు మధ్యలో నిలిచిపోగా, సిడ్నీలో గ్రెగరీ మొలోనీ అలాంటి కళ్లలో రిపాసుడిల్ వేయడంతో కొన్ని తిరిగి తేటపడినట్టు 2017లో ప్రకటించాడు. అమెరికాలో పద్దెనిమిది మందితో జరిగిన పోలికలో, ఒలిచిన పొరకు తోడు ఈ చుక్కలు వేసినవారికి చూపు సుమారు నాలుగున్నర వారాల్లో తేరుకుంటే, వేయనివారికి ఆరున్నర వారాలు పట్టింది. ఇదే రిపాసుడిల్‌ను కోవా సంస్థ కె-321 అనే పేరుతో ఫుక్స్ వ్యాధికి మూడవ దశ ప్రయోగాల దాకా తీసుకెళ్లింది. క్యోటో బృందం మాత్రం ఇంకో అడుగు వేసి, పెంచిన మానవ కణాలను రో-కైనేజ్ నిరోధకంతో కలిపి సూదితో కంటి ముందు గదిలోకి పంపి, అవి కార్నియాకు అంటుకొనేలా రోగిని మూడు గంటలు బోర్లా పడుకోబెట్టి, పదకొండు మందిలో సాధించిన ఫలితాలను 2018లో ప్రచురించింది. ఆ చికిత్సకు జపాన్ 2023లో ఆమోదం ఇచ్చింది. అది చుక్కల మందు కాదు. కానీ కణాలే మిగలని కళ్లకు దారి అదే.

శస్త్రచికిత్స ఏదీ లేకుండా చుక్క ఒక్కటే వాపును తగ్గించగలదా అనే ప్రశ్నకు జవాబు కోసం నెటార్సుడిల్‌ను రోజుకొకసారి వేసి మూడు నెలలపాటు చూసిన చిన్న అధ్యయనం 2021లో వెలువడింది. కార్నియా మందం కొంతమేర తగ్గింది. కణాలు పెరగనక్కరలేకుండానే, మిగిలినవాటి మధ్య బిగువును, వాటి పంపు సామర్థ్యాన్ని పెంచడం ద్వారా ఈ మార్పు వస్తుందని భావిస్తున్నారు. బదులుగా రోగి భరించవలసింది కంటి ఎర్రదనం. మెదడు నాళాలను సడలించి ప్రాణం కాపాడిన గుణమే తెల్లగుడ్డు మీది నాళాలనూ సడలిస్తుంది మరి.

అసలు ఒక చుక్క కార్నియా వెనుక వరుసకు చేరడమే కష్టం. సీసా నుంచి రాలే చుక్క పరిమాణం 30 నుంచి 50 మైక్రోలీటర్లు. కంటిలో సహజంగా ఉండే కన్నీరు ఏడు మైక్రోలీటర్లు మాత్రమే కాబట్టి, వేసినదానిలో ఎక్కువ భాగం చెంప మీదికి జారుతుంది లేదా కంటి లోపలి మూల నుంచి ముక్కులోకి పోతుంది, కాసేపటికి గొంతులో చేదు తగలడం అందుకే. ఐదు నిమిషాల్లో మిగిలినది కూడా కడిగేసినట్టు పోతుంది. రెండు చుక్కలు వెంటవెంటనే వేస్తే రెట్టింపు ఫలితం వస్తుందన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిగా ఉంది గానీ, రెండో చుక్క చేసే పని మొదటిదాన్ని వెళ్లగొట్టడమే. వేసిన మందులో కంటి లోపలికి చేరేది సాధారణంగా ఐదు శాతం లోపే. చేరడానికైనా అది పరస్పర విరుద్ధమైన రెండు పరీక్షలు దాటాలి: కార్నియా పై పొర కణాలు కొవ్వులో కరిగే పదార్థాలకే దారి ఇస్తాయి, దాని కింది స్ట్రోమా నీటిలో కరిగేవాటికే. నెటార్సుడిల్ రూపకర్తలు దీనికి చక్కని ఉపాయం చేశారు. మందు అణువును కొవ్వు స్వభావం గల ఎస్టర్ రూపంలో తయారుచేస్తే అది పై పొరను దాటుతుంది. దాటేటప్పుడు కార్నియాలో సహజంగా ఉండే ఎస్టరేజ్ ఎంజైములు ఆ బంధాన్ని తెంచి అసలు పనిచేసే అణువును విడుదల చేస్తాయి. ప్రోటీను మందులకు ఈ సౌలభ్యం లేదు. కణవిభజనను ప్రేరేపించే ఎఫ్.జి.ఎఫ్-1 అనే ప్రోటీనును మార్పు చేసి రూపొందించిన టి.టి.హెచ్.ఎక్స్-1114 అనే మందు పై పొర చెక్కుచెదరని కంటిలో చుక్కగా వెనుకకు చేరడం కష్టం కనుక, దాన్ని సూదితో కంటిలోకి ఎక్కించి కూడా పరీక్షించారు.

మందు చేరిందనుకున్నా, పనిచేసిందని నిరూపించడం వేరే సమస్య, బహుశా ఇదే పెద్దది. కణాల సంఖ్యను కొలిచే స్పెక్యులర్ సూక్ష్మదర్శినిలో గట్టాలు నల్లని మచ్చలుగా కనబడి కణాల అంచులను మింగేస్తాయి. అక్షరాల పట్టీ చదివించి చూపు కొలిస్తే, వెలుతురు చెదరడం వల్ల రాత్రి బండి నడపలేని రోగి సైతం చీకటి గదిలో పట్టీని చివరి వరుస దాకా చదివేస్తాడు. మందం కొలుద్దామంటే ఆరోగ్యవంతుల్లోనే అది మనిషికీ మనిషికీ పదుల మైక్రాన్లు తేడా ఉంటుంది, పైగా రోగిని పొద్దున్న పరీక్షించారా సాయంత్రం పరీక్షించారా అన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే ఇటీవలి పరిశోధకులు కార్నియా వెనుక ఉపరితలం ఆకృతిని చిత్రించే టోమోగ్రఫీ పటాల్లో, కంటికి వాపు తెలియకముందే వచ్చే సూక్ష్మమైన పల్లాలను, అతి పలుచని బిందువు పక్కకు జరగడాన్ని చూసే పద్ధతిని ఆశ్రయిస్తున్నారు; రోగి రోజువారీ ఇబ్బందులను అడిగే ప్రత్యేక ప్రశ్నావళి కూడా తయారైంది. ఇరవై ఏళ్లు పాకే వ్యాధిని ఆరు నెలల ప్రయోగంలో పట్టుకోవాలంటే ఇలాంటి కొలబద్దలు లేకుండా కుదరదు.

ఇంతవరకు చెప్పిన మందులన్నీ నష్టం జరిగాక మరమ్మతు చేసేవి. నష్టాన్నే ఆపడానికి మూలం తెలియాలి. అది 2010లో పద్దెనిమిదవ క్రోమోజోము మీది టి.సి.ఎఫ్-4 అనే జన్యువు దగ్గర దొరికింది. ఆ జన్యువులో ప్రోటీనుగా మారని ఒక భాగంలో సి.టి.జి. అనే మూడక్షరాల మాట వరుసగా పునరావృతమవుతుంది. మామూలుగా నలభైకి లోపుండే ఈ పునరావృత్తులు ఐరోపా సంతతి రోగుల్లో అత్యధికులకు యాభైకి పైబడి, కొందరిలో వందలు, వేలకు చేరుతాయని 2012 నుంచి వెలువడిన అధ్యయనాలు తేల్చాయి. భారతీయ రోగుల్లోనూ ఇది కనిపించింది గానీ, అంత ఎక్కువ నిష్పత్తిలో కాదు. ఆ పొడుగాటి వరుస నుంచి తయారైన ఆర్.ఎన్.ఎ. కణకేంద్రంలో ముద్దకట్టి, ఇతర జన్యుసందేశాలను సరిగా కత్తిరించి అతికించవలసిన ప్రోటీన్లను తనలో బంధిస్తుంది. దీనితో వందలాది సందేశాలు తప్పుగా కూర్చబడతాయి. దీనికి తోడు జీవితమంతా వెలుగు తగిలే అవయవంలో ఆక్సీకరణ ఒత్తిడి పేరుకుంటుంది. బోస్టన్‌లో ఊలా జుర్కూనాస్ బృందం ఎలుకల కళ్ల మీద అతినీలలోహిత-ఎ కిరణాలు ప్రసరింపజేసి ఫుక్స్‌ను పోలిన వ్యాధిని కలిగించింది. అది ఆడ ఎలుకల్లోనే తీవ్రంగా రావడం రోగుల్లో స్త్రీలే ఎక్కువ ఉండడానికి ఒక ఆధారమైంది.

ఈ మూలాల దిశగా రెండు రకాల చుక్కలు ప్రయోగాల్లోకి వచ్చాయి. ఒకటి సిరోలిమస్. ఈస్టర్ ద్వీపపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి లభించి, మూత్రపిండాల మార్పిడిలో దశాబ్దాలుగా వాడుతున్న ఈ మందు, కణం తన లోపలి చెత్తను తానే జీర్ణం చేసుకొనే ప్రక్రియను వేగవంతం చేస్తుంది. నీటిలో కరగని ఈ మందును కంటి చుక్కగా మార్చి, జపాన్‌కు చెందిన సాంటెన్ సంస్థ రెండవ దశ పరీక్షలు ప్రారంభించింది. రెండోది నేరుగా జన్యువు మీదికి గురిపెట్టినది. డిజైన్ థెరప్యూటిక్స్ అనే అమెరికన్ సంస్థ రూపొందించిన డి.టి-168 అనే చిన్న అణువు, సి.టి.జి. వరుస ఎక్కువైన జన్యువు ప్రతిని గుర్తించి దాని నుంచి ఆర్.ఎన్.ఎ. తయారుకాకుండా తగ్గించేందుకు ఉద్దేశించినది. వ్యాధి నిదానంగా పాకడం వల్ల కొలవడంలో వచ్చే చిక్కును తప్పించుకోవడానికి దాని పరీక్షకులు ఎంచుకున్న మార్గం గమనించదగినది: ఎలాగూ మార్పిడి శస్త్రచికిత్సకు సిద్ధమైన రోగులకు ముందుగా కొంతకాలం ఈ చుక్కలు వేసి, ఆపరేషన్ రోజున వైద్యుడు ఒలిచి తీసేసే డెసిమెట్ పొరను పారవేయకుండా ప్రయోగశాలకు పంపి, దాని మీది కణాల్లో తప్పుగా కూర్చబడిన జన్యుసందేశాలు తగ్గాయో లేదో లెక్కిస్తారు.